మదర్‌బోర్డు మార్చాక విండోస్ లైసెన్స్ మళ్లీ యాక్టివేట్ చేయడం

ర్యామ్ పెంచినా, గ్రాఫిక్స్ కార్డు మార్చినా విండోస్ 10, 11 మామూలుగా ఏమీ అనవు. కొత్త ఎస్ఎస్‌డీలో అదే ఎడిషన్ (హోమ్ లేదా ప్రో) తాజాగా ఎక్కించి, కీ అడిగినచోట ‘ఐ డోంట్ హావ్ ఎ ప్రొడక్ట్ కీ’ నొక్కినా నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోతుంది. డిజిటల్ లైసెన్స్ (కీ కొట్టకుండానే మీ కంప్యూటర్‌ను గుర్తుపట్టే లైసెన్స్) ప్రధానంగా చూసేది మదర్‌బోర్డునే. అది మారితే మాత్రం మైక్రోసాఫ్ట్ సర్వర్ లెక్కలో మీది కొత్త కంప్యూటర్.

అందుకే సగం పని పాత బోర్డు విప్పకముందే చేసుకోవాలి. ముందు మీ లైసెన్స్ ఏ రకమో చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎల్ఎంజీఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్ఐ కొట్టండి. వచ్చే పెట్టెలో రిటైల్ (విడిగా కొన్నది) అని ఉంటే కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు. ఓఈఎం (కంప్యూటర్‌తో పాటే వచ్చింది) అని ఉంటే అది ఆ మెషీన్‌తోనే పోతుంది. వారంటీలో బోర్డు మార్పించుకుంటుంటే సర్వీస్ సెంటర్‌లోనే యాక్టివేషన్ చూసుకుని తెచ్చుకోండి. వాల్యూమ్ అని ఉంటే అది సంస్థలకిచ్చే కీ. ఇంటి కంప్యూటర్‌లో అది కనిపించిందంటే అమ్మినవాణ్ణి అనుమానించాల్సిందే. ఇక్కడే ఒక మెలిక ఉంది: అదే పెట్టెలో కనిపించే కీ చివరి 5 అక్షరాలు 3వీ66టీ (ప్రో) లేదా 8హెచ్‌వీఎక్స్7 (హోమ్) అయితే అది అందరికీ ఒకటే ఉండే జెనరిక్ కీ. దాన్ని రాసిపెట్టుకున్నా లాభం లేదు, పక్కన రిటైల్ అని ఉన్నా నమ్మకం లేదు.

తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లోకి వెళ్లండి (విండోస్ 10లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది). డిజిటల్ లైసెన్స్ ‘లింక్డ్ టు యువర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్’ అని లేకపోతే అక్కడే అకౌంట్ జోడించండి. కంప్యూటర్ పేరు రాసుకోండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, దాని 48 అంకెల రికవరీ కీని ఫోన్‌లోనో కాగితం మీదో పెట్టుకోండి. బోర్డుతో పాటు టీపీఎం (ఆ తాళం వివరాలు దాచే భద్రతా చిప్) కూడా మారుతుంది కాబట్టి బూట్ అవగానే అది అడగవచ్చు. విండోస్ పిన్ కూడా పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండాలి.

బోర్డు బిగించాక అడ్మిన్ అకౌంట్‌తో లాగినై, నెట్ కలిపి, యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కండి. ‘ఐ ఛేంజ్డ్ హార్డ్‌వేర్ ఆన్ దిస్ డివైస్ రీసెంట్లీ’ ఎంచుకుని అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్ వివరాలివ్వండి. వచ్చిన జాబితాలో పాత పేరు పట్టుకుని, ‘దిస్ ఈజ్ ద డివైస్ ఐయామ్ యూజింగ్ రైట్ నౌ’ టిక్ చేసి యాక్టివేట్ నొక్కండి.

జాబితాలో పేరే లేదంటే లైసెన్స్ లింక్ కాలేదు, లేదా వేరే అకౌంట్‌తో లాగినయ్యారు. పేరున్నా యాక్టివేట్ కాకపోతే ఎడిషన్ చూడండి: హోమ్ లైసెన్స్ ప్రోను యాక్టివేట్ చేయదు. డబ్బాతో కొన్న 25 అక్షరాల కీ ఉంటే ‘ఛేంజ్ ప్రొడక్ట్ కీ’లో కొట్టండి. ఇప్పటికే వేరే కంప్యూటర్‌లో వాడారని తిప్పికొడితే, కొన్న బిల్లు దగ్గర పెట్టుకుని మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌ను అడగండి. ఈలోగా ఫైళ్లకేమీ కాదు. స్క్రీన్ మూలన వాటర్‌మార్క్ కనిపిస్తుంది, సెట్టింగ్స్‌లో వాల్‌పేపర్, థీమ్ మాత్రం మార్చుకోలేరు.