ఒథెల్లోలో మోసం గురించి రాసేటప్పుడు

తిరుపతిలో మా ఇంటి అరుగు మీద ఆదివారాలు డిగ్రీ పిల్లలకు షేక్‌స్పియర్ నాటకం ‘ఒథెల్లో’ చెబుతాను. మోసం గురించి రాయాలంటే ముందు మూడో అంకం, మూడో రంగం తెరవండి. సేనాని ఒథెల్లోను మోసం చేసే అతని కింది అధికారి ఇయాగో చెప్పిన అబద్ధాలకంటే, సగంలో ఆపేసిన మాటల కిందే పెన్సిలుతో గీత గీయండి. ఒథెల్లో భార్య డెస్డిమోనాతో మాట్లాడి ఉపసేనాని కాసియో వెళ్లిపోతుంటే, తనకది నచ్చలేదని ఇయాగో గొణుగుతాడు, అంతే. వాళ్లిద్దరికీ సంబంధం ఉందన్న మిగతా అనుమానమంతా ఒథెల్లో తానే అల్లుకుంటాడు.

తర్వాత ఒథెల్లో భార్యకిచ్చిన, స్ట్రాబెరీలు కుట్టిన చేతిరుమాలు వెంట నడవండి. డెస్డిమోనా దగ్గర జారిపడుతుంది, ఆమె పరిచారిక ఎమీలియా తీసి తన భర్త ఇయాగోకు ఇస్తుంది, అతడు కాసియో గదిలో పడేస్తాడు. డెస్డిమోనాపై ఆశపడ్డ రోడరిగోను ఇయాగో డబ్బు కోసం వాడుకోవడం ఒక్క వాక్యంలో చాలు. ఎమీలియాను మాత్రం దయచేసి వదలకండి. రుమాలు సంగతి యజమానురాలి దగ్గర దాచిందీ ఆమే, చివర్లో ప్రాణాలకు తెగించి నిజం చెప్పిందీ ఆమే.