సత్యోపదేశం పరీక్షకు పునశ్చరణ ఇలా చేయించండి

కతోలిక సత్యోపదేశం (మతబోధ) తరగతిలో ఏడు దివ్యసంస్కారాల, అంటే శ్రీసభ పవిత్ర కర్మల, పేర్లు పిల్లలు గడగడా అప్పజెబుతారు. అర్థం అడిగితే నీళ్లు నములుతారు. అందుకే పరీక్షకు ముందు ఆదివారం నేను గుడ్డసంచీ తెస్తాను. అందులో నీళ్ల సీసా, మూతపెట్టిన నూనె గిన్నె, గోధుమ అప్పం, ఉంగరం ఉంటాయి. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి, అది ఏ సంస్కారానిదో, ఎందుకో చెప్పాలి.

నూనె దగ్గర తొందరపడకండి. "భద్రమైన అభ్యంగనం" (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) అని ఒకరు అంటారు. "ఇంకా?" అని అడగండి. జ్ఞానస్నానం, గురుపట్టం (గురువుగా అభిషేకం), వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఒక్కొక్కటే బయటికొస్తాయి. అప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి! పాపసంకీర్తనానికి, అంటే పాపాలు ఒప్పుకునే సంస్కారానికి, సంచీలో ఏమీ ఉండదు. గురువు చేయి చాపి పాపవిమోచనం పలికే తీరును పిల్లలే చేసి చూపాలి.

జపమాల దేవరహస్యాలకు, అంటే జపమాల చెబుతూ ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలకు, చీటీలు చాలు. ఇరవై కలిపేసి, వరుసగా పేర్చమనండి. వెలుగు రహస్యాలు 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు చేర్చినవని చెబితే, ఆ అయిదూ ఇట్టే గుర్తుంటాయి.

మార్కులు మాత్రం ఆరోజు వేయకండి.