గుంటూరు నుంచి వంజరం వేటకు: బయల్దేరే ముందు

నిజాంపట్నం తీరంలో బోటు వెనక గాలం లాగుతూ వంజరం పట్టాలనుకుంటే ఇవి చూసుకోండి.

– ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులూ వద్దు.

– ముందురోజు రాత్రి వాతావరణ హెచ్చరికలు చూడండి. అల్పపీడనం అన్నారంటే, అడ్వాన్స్ పోయినా సరే, మానుకోండి.

– లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, ఈత వచ్చినా.

– వంజరం పళ్లు బ్లేడులా ఉంటాయి. కొక్కేనికి ముందు జానెడు స్టీలు తీగ కట్టకపోతే నైలాన్ దారం పుటుక్కున తెగుతుంది. నోట్లోంచి కొక్కెం ప్లయర్‌తోనే తీయండి. నా చూపుడువేలి మీద మచ్చ ఇంకా పోలేదు.

– దారం చేతికి చుట్టుకోవద్దు.

– మంచినీళ్లు, టోపీ, ఐసు.

– కోస్ట్ గార్డ్ నంబరు 1554. తిరిగొచ్చే టైము ఇంట్లో చెప్పండి, వాళ్లకు టెన్షన్ ఉండదు.