ఫిట్స్ మందు పనిచేస్తోందా? ఈగలతో చూసే పద్ధతి

మా తమ్ముడికి ఫిట్స్ వచ్చినప్పుడల్లా అమ్మ వాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి, గోడ గడియారం వైపు చూసేది. ఎంతసేపటికి తేరుకున్నాడో డాక్టరుగారికి చెప్పాలి కదా. ఇప్పుడు ల్యాబ్‌లో నేను చేసే పనీ అదే. చేతిలో స్టాప్‌వాచ్, ఎదురుగా మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగ, డ్రోసోఫిలా.

మామూలు ఈగలు ఈ పనికి రావు. 'బ్యాంగ్ సెన్స్‌లెస్' అనే రకం కావాలి. గట్టిగా కుదిపితే చాలు, వాటికి ఫిట్స్ వస్తాయి. కారణం పారా అనే జన్యువులో మార్పు. నాడీకణాల్లోకి సోడియం వెళ్లే ద్వారాన్ని తయారుచేసేది ఆ జన్యువే. మనలో దానికి దగ్గరి చుట్టమైన ఎస్‌సీఎన్1ఎ దెబ్బతింటే పసిపిల్లలకి డ్రావే సిండ్రోమ్ అనే మొండి మూర్ఛ వస్తుంది. ఇంత చిన్న ప్రాణి మీద నాకు నమ్మకం కుదిరింది అందుకే.

ముందురోజే కార్బన్ డయాక్సైడ్‌తో మత్తిచ్చి, సీసాకి పదేసి ఈగల్ని వేరుచేయండి. పరీక్ష రోజు మాత్రం మత్తు వద్దు, లెక్క పాడవుతుంది. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్ట్, అగర్ ఉడికించి, గోరువెచ్చగా అయ్యాక మందు కలపండి. సగం సీసాల్లో మందు లేని మేత పెట్టాలి. రెండింట్లోనూ నీలం ఫుడ్ కలర్ వేయండి. మర్నాడు పొట్ట నీలంగా లేని ఈగ మేత తిననట్టే, దాన్ని లెక్కలోంచి తీసేయండి.

చేయి తిరగడానికి మొదట పొటాషియం బ్రోమైడ్‌తో చేయండి. 1857లో లండన్‌లో లోకాక్ అనే వైద్యుడు మూర్ఛకి వాడిన మందు అది. ఈ రకం ఈగలు దానితో త్వరగా తేరుకుంటాయని 2004లోనే తేలింది.

ఇక పరీక్ష. ఈగల్ని ఖాళీ సీసాలోకి దులిపి, వోర్టెక్స్ (సీసాని గిరగిరా కుదిపే చిన్న యంత్రం) మీద ఫుల్ స్పీడులో 10 సెకన్లు పెట్టండి. కాళ్లు వణుకుతాయి, రెక్కలు టపటపా కొట్టుకుంటాయి, తర్వాత వెల్లకిలా పడి కదలవు. అయిపోయిందనుకుని వాచ్ ఆపకండి. కాసేపటికి మళ్లీ విదిలించుకుంటాయి, ఆ తర్వాతే లేస్తాయి. ఒక్కో ఈగ కాళ్ల మీద నిలబడిన క్షణం రాసుకోండి. కొన్నిటికి నిమిషాలు పడుతుంది. లేచిన వెంటనే మళ్లీ కుదిపితే చాలాసార్లు ఫిట్స్ రావు, కాబట్టి ఒక ఈగకి రోజుకి ఒక్కసారే.

ఒకసారి ఒక కొత్త పదార్థంతో సగం ఈగలు అసలు వణకలేదు. ఎంత సంతోషపడ్డానో! తర్వాత సీసాని బల్లమీద తట్టి చూశాను. బాగున్న ఈగ వెంటనే గోడ పట్టుకుని పైకెక్కుతుంది. ఇవి అడుగునే మగతగా ఉండిపోయాయి. మా తమ్ముడు ఒక మందు వాడిన ఏడాదంతా క్లాసులో తూగుతూనే ఉన్నాడు. ఆ ఎక్కే పరీక్షని మీరు ఎప్పుడూ వదలకండి.

ఈగ తిన్న మోతాదుతో మనిషి మోతాదు లెక్కగట్టొద్దు. ఇక్కడ నిలబడిన మందుని ఎలుకల దగ్గరికి పంపాలి, అంతే. సీసాల మీద ఏ మందో రాయకుండా పక్కవాళ్లతో నంబర్లు వేయించండి, ఏ నంబరు ఏ మందో వాళ్లనే ఒక చీటీలో రాసి మడిచి పెట్టమనండి. టైములన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కాకే ఆ చీటీ విప్పండి.