కొత్త ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్లు వేసే ముందు ఆ "యెస్" బటన్ గురించి కాస్త

బీటెక్ ఫస్టియర్ పిల్లలకి కొత్త ల్యాప్‌టాప్ రాగానే ఒక్కరోజే అన్ని సాఫ్ట్‌వేర్లూ వేసేస్తారు, సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్‌లతో (లైసెన్స్ కొనకుండా వాడుకునేలా మార్చిన ఫైళ్లతో) సహా, ఆ హడావిడిలో విండోస్ "ఈ యాప్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయొచ్చా?" అని అడిగితే (దీన్నే యూజర్ అకౌంట్ కంట్రోల్, యూఏసీ అంటారు) చూడకుండా యెస్ కొట్టేస్తారు, నా భయమంతా అక్కడే.

మీది అడ్మిన్ అకౌంటే (అన్నీ మార్చే అధికారం ఉన్నది) అయినా మీరు తెరిచే ప్రోగ్రామ్‌లు మామూలు యూజర్ పవర్‌తోనే నడుస్తాయి. విండోస్ ఫోల్డర్‌లో మార్పులు చేయాలన్నా, డ్రైవర్ (ప్రింటర్ లాంటి పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) వేయాలన్నా ఫుల్ పవర్ కావాలి, అప్పుడే స్క్రీన్ మసకబారి ఆ ప్రశ్న వస్తుంది. ఆ మసక వెనక పెద్ద పనే ఉంది, మామూలు ప్రోగ్రామ్‌లు ఆ బాక్స్‌ని క్లిక్ చేయలేవు, మీరే నొక్కాలి.

కాబట్టి నొక్కేముందు ఒకటే చూడండి, ఇది నేను మొదలుపెట్టిన పనేనా? ఊరికే పీడీఎఫ్ తెరిస్తే వచ్చిందంటే నో కొట్టేయండి, ఏమీ పాడవదు. ఆ బాక్స్‌లో పబ్లిషర్ (ప్రోగ్రామ్ తయారుచేసినవాళ్ల) పేరు కూడా చదవండి. అన్‌నోన్ అని ఉన్నంత మాత్రాన వైరస్సే అని కాదు, కానీ అఫీషియల్ సైట్ నుంచి దింపింది కాకపోతే వదిలేయండి. "యాంటీవైరస్ ఆపేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టు" అని ఎవరైనా చెప్తే మాత్రం అస్సలు వద్దు. ఒక్కసారి యెస్ అన్నాక ఆ ప్రోగ్రామ్ విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో తనని స్కాన్ చేయకుండా మినహాయింపు పెట్టుకుని, సిస్టమ్ ఆన్ అయిన ప్రతిసారీ తనే స్టార్ట్ అయ్యేలా సర్దుకోగలదు.

విసుగొచ్చి ఈ యూఏసీని ఆఫ్ చేయకండి. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు మరీ ఎక్కువగా అడుగుతుందని చాలామంది ఆపేసుకున్నారు, 2009లో విండోస్ 7 నుంచి ఎంత తరచుగా అడగాలో పెట్టుకునే స్లైడర్ ఇచ్చారు, దాన్ని పైకి పెట్టుకోవడమే మంచిది. ఇంకా మంచి పద్ధతి, పాస్‌వర్డ్‌తో అడ్మిన్ అకౌంట్ విడిగా పెట్టి రోజువారీకి తక్కువ అధికారాలున్న స్టాండర్డ్ అకౌంట్ వాడటం, అప్పుడు తమ్ముడు గేమ్ వేయాలన్నా చాలావరకు పాస్‌వర్డ్ అడుగుతుంది. మ్యాక్‌లో, లైనక్స్‌లో పాస్‌వర్డ్ అడిగేది కూడా ఇందుకే.

కానీ ఈ యూఏసీ సిస్టమ్‌ని కాపాడుతుంది, మీ ఫైళ్లని కాదు. మీ ఫోటోలు, ప్రాజెక్ట్ రిపోర్టులు లాక్ చేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్‌కి అసలు ఈ పర్మిషనే అక్కర్లేదు, అందుకే బ్యాకప్ వేరే హార్డ్‌డిస్క్‌లో తీసి, దాన్ని పీకి పక్కన పెట్టండి.

పొరపాటున యెస్ కొట్టేశారా, వెంటనే నెట్ ఆపండి, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ మామూలుగా మొదలవకముందే చేసే స్కాన్) పెట్టండి, పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ ల్యాప్‌టాప్‌లో కాకుండా ఫోన్ నుంచి మార్చుకోండి.