ప్లేస్టేషన్‌లో స్పైడర్‌మ్యాన్: మేడల మీంచి పడిపోకుండా ఆడటం ఎలా

2000లో నెవర్‌సాఫ్ట్ అనే కంపెనీ చేసిన ఈ ఆట సీడీని ఇప్పటికీ భద్రంగా దాచుకున్నాను. ఆడే ముందు సీడీ అడుగున, ఆ నల్లటి వైపు చూడండి. మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిచి నా మొదటి సీడీ పాడుచేసుకున్నాను. ఆట ఎక్కడిదాకా ఆడామో దాచుకునే మెమరీ కార్డు పెట్టడం మరవద్దు. మొదట్లో వినిపించే, స్పైడర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకరైన స్టాన్ లీ గొంతును దాటేయకండి, నాకెంతో ఇష్టం అది.

ఆటలో వీధుల నిండా విషవాయువు. కింద పడితే ఆట ముగిసినట్టే. అందుకే అంచు దాకా పరుగెత్తి, ఎక్స్ బటన్‌తో ఎగిరి, గాలిలో ఉండగానే సాలెదారంతో ఊగడానికి ఆర్2 బటన్ నొక్కండి. సాలెదారం అయిపోతుంటుంది, దారిలో కనిపించే సాలెదారం డబ్బాలు వదలకండి.

రైనో అనే విలన్ ఎదురైతే టెన్షన్ పడి గుద్దులకు దిగొద్దు. కరెంటు యంత్రం ముందు నిలబడండి. అతను తల వంచి దూసుకొచ్చే క్షణంలో పక్కకు దూకండి. యంత్రాన్ని గుద్ది షాక్ తిని తూలుతాడు. అప్పుడు కొట్టండి.

స్కార్పియన్ అనే మరో విలన్‌తో పోరులో మాత్రం పత్రికాధిపతి జేమ్సన్ మీద ఒక కన్నేసి ఉంచాలి. ఆయన ప్రాణం పోయినా ఓటమే.