ఫ్లోరెన్స్ నుంచి కియాంతీ ద్రాక్షతోటలకు ఒక్కరోజు గైడెడ్ టూర్: ఎలా వెళ్లాలి?

ఇటలీ ట్రిప్‌లో ఫ్లోరెన్స్ ఉంటే, ఒక రోజు మ్యూజియంలు పక్కనపెట్టి కియాంతీ కొండల వైపు వెళ్లి రండి. ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ మధ్య పరుచుకున్న ద్రాక్షతోటల సీమ ఇది. కారు అద్దెకు తీసుకుని మనమే వెళ్లొచ్చు కదా అంటారా? వెళ్లొచ్చు. కాకపోతే అందరూ వైన్ రుచి చూస్తుంటే స్టీరింగ్ పట్టుకుని కూర్చునేది ఎవరో ముందే తేల్చుకోవాలి. ఇటలీలో రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.5 గ్రాములు దాటకూడదు. లైసెన్స్ తీసుకుని 3 ఏళ్లు నిండనివాళ్లయితే చుక్క కూడా ముట్టకూడదు. పైగా ఫ్లోరెన్స్ పాతబస్తీలోకి అనుమతి లేని కారు వెళ్తే కెమెరా నంబరు పట్టేస్తుంది. ఈ టెన్షన్ ఎందుకు, గైడెడ్ టూరే హాయి.

1. నెల చూసుకోండి

ఏప్రిల్ నుంచి జూన్ వరకు కొండలు పచ్చగా, ఎండ తక్కువగా ఉంటుంది. సెప్టెంబర్, అక్టోబర్ మొదట్లో ద్రాక్ష కోతలు. చూడటానికి అదే మంచి సమయం, కానీ చిన్న తోటల వాళ్లు పనిలో మునిగి ఉంటారు కాబట్టి బాగా ముందే బుక్ చేయాలి. ఆగస్టు 15 ఇటలీలోనూ సెలవే. ఆ చుట్టుపక్కల వారం చాలా చోట్ల తలుపులు మూసి ఉంటాయి.

2. టూర్‌లో ఎన్ని స్టాపులో లెక్కపెట్టండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పీసా, సియెనా, సాన్ జిమిన్యానో, కియాంతీ అన్నీ ఒక్క రోజులో చూపిస్తామనే టూర్లు ఉంటాయి. వాటిలో వైన్ అంటే భోజనంతో పాటు ఒక గ్లాసు, అంతే. వైన్ కోసమే వెళ్తుంటే రెండు వైనరీలు, మధ్యలో ఒక ఊరు, కుదురుగా భోజనం ఉన్న టూర్ ఎంచుకోండి. మూడో వైనరీకి వెళ్లేసరికి నాలుకకు తేడా తెలియదు. పెద్ద బస్సు కంటే ఎనిమిది మంది పట్టే వ్యాన్ కాస్త ఖరీదు, కానీ గైడ్‌ను ప్రశ్నలు అడిగే వీలుంటుంది. బయల్దేరే చోటు, భోజనం టికెట్లో కలిసి ఉందా లేదా, వాన పడితే ఏం చేస్తారు, ఇవి బుకింగ్ ముందే చదవండి.

ఇంట్లో తాగనివాళ్లున్నా మానుకోనక్కర్లేదు. చాలా తోటల్లో ఆలివ్ నూనె కూడా తీస్తారు, అదీ రుచి చూపిస్తారు. తాగనివాళ్లకు, పిల్లలకు రేటు తగ్గుతుందేమో అడగండి.

3. భోజనం సంగతి ముందే రాయండి

శాకాహారులైతే "వెజ్" అని రాసి వదిలేయకండి. మాంసం, చేప, మాంసం ఉడికించిన నీళ్లు వద్దని విడమరిచి రాయండి. ఇక్కడి పళ్లేల్లో పంది మాంసం ముక్కలు తప్పనిసరి. పెకొరీనో అనే గొర్రెపాల చీజ్ కోసం పాలను కూడా చాలామంది జంతువుల కడుపు నుంచి తీసే రెనెట్‌తోనే విరగ్గొడతారు, పట్టింపు ఉంటే అడగండి. రొట్టె, టమాటాతో చేసే పాప్పా అల్ పొమొదోరో, చిక్కుడు గింజలు కడుపు నింపుతాయి. రొట్టెలో ఉప్పు లేదని కంగారు పడకండి, ఫ్లోరెన్స్ ఉన్న ఈ టస్కనీ ప్రాంతంలో అలాగే చేస్తారు.

4. ఆ రోజు పొద్దున

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. ఘాటైన సెంటు కొట్టుకోవద్దు. వైన్ వాసన మీకూ తెలియదు, పక్కవాళ్లకూ తెలియదు. వైన్ నిలవచేసే సెల్లార్లు ఎండాకాలంలోనూ చల్లగా ఉంటాయి, ఒక షాల్ పట్టుకెళ్లండి. కియాంతీ మధ్యగా వెళ్లే ఎస్ఆర్ 222 రోడ్డు నిండా మలుపులే. కడుపులో తిప్పే అలవాటుంటే ముందు సీటు అడగండి. వాంతుల మాత్రకూ మద్యానికీ పడదు, మత్తు ఎక్కువవుతుంది.

5. వైనరీలో

ముందు తోట, తర్వాత పీపాలున్న సెల్లార్, చివర్లో రుచి. గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి. తెల్ల కాగితం మీదికి వంచి రంగు చూడండి, మెల్లగా తిప్పి వాసన పీల్చండి. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. ఈ సీమలో తయారయ్యే ఎర్ర వైన్ పేరు కియాంతీ క్లాసికో, అందులో కనీసం 80 శాతం సాంజోవేజే రకం ద్రాక్షే ఉండాలి. పుల్లచెర్రీ వాసన, దాని వెనకే నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టేసే వగరు. ఆ వగరు నచ్చకపోతే చీజ్ ముక్క కొరికి మళ్లీ తాగి చూడండి, మెత్తబడుతుంది. నచ్చనిది బల్ల మీది పాత్రలో ఉమ్మేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

సీసా మీద రిజర్వా అని ఉంటే కనీసం 24 నెలలు, గ్రాన్ సెలెత్సియోనే అని ఉంటే కనీసం 30 నెలలు మాగినది.

సీసా మీద నల్ల కోడిపుంజు బొమ్మ వెతకండి. అది కియాంతీ క్లాసికోకే ఉంటుంది, ఉత్త "కియాంతీ" అన్నదానికి ఉండదు. గైడ్ ఈ కథ చెప్పకుండా వదలడు: ఫ్లోరెన్స్, సియెనా సరిహద్దు తగాదా తీర్చుకోవడానికి, కోడి కూయగానే చెరో గుర్రపు రౌతు బయల్దేరాలని, ఇద్దరూ కలిసినచోటే హద్దని ఒప్పందం చేసుకున్నాయట. సియెనా వాళ్లు తమ తెల్ల పుంజును బాగా మేపారు. ఫ్లోరెన్స్ వాళ్లు నల్ల పుంజును పస్తు పెట్టారు. ఆకలికి అది తెల్లారకముందే కూసింది, ఫ్లోరెన్స్ రౌతు దాదాపు సియెనా గుమ్మం దాకా వెళ్లిపోయాడు. కథ మాట ఎలా ఉన్నా, ఈ వైన్ సీమకు కాగితం మీద హద్దులు గీసింది మాత్రం 1716లో టస్కనీని ఏలిన మూడో కోజిమో దె మెదిచి.

6. ఊళ్లో ఆగినప్పుడు

ఎక్కువ టూర్లు గ్రేవే అనే చిన్న ఊళ్లో ఆగుతాయి. త్రికోణంగా ఉండే చౌక్, మధ్యలో 1524లో న్యూయార్క్ తీరం చేరిన నావికుడు వెర్రాజానో విగ్రహం. అరగంట చాలు.

7. సీసాలు కొంటే

కొని తీరాలనేమీ లేదు. కొంటే చెక్-ఇన్ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి పెట్టండి, క్యాబిన్ బ్యాగులో రానివ్వరు. ఇండియాకు సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే పడతాయి, మూడోది పెడితే లెక్క దాటుతుంది. అమెరికా వెళ్లేవాళ్లయితే 21 ఏళ్లు నిండిన ఒక్కొక్కరికి 1 లీటరు వరకే సుంకం ఉండదు.